రాత్రి తోమిన పీచు తెల్లారేసరికి ఆరాలి: బోళ్లు తోమే పీచును ఇంట్లోనే తయారు చేసుకుని పరీక్షించే పద్ధతి

పొద్దున్నే లేచి గ్లాసులో నీళ్లు పోసుకుని నోటి దాకా తెచ్చుకుంటే నీచు వాసన. గ్లాసు తళతళా మెరుస్తోంది, రాత్రే తోమింది, నీళ్లు కూడా ఫిల్టరువే. హనుమకొండలో మా ఇంట్లో ఇది రెండు వానాకాలాలు నడిచింది. సబ్బు మార్చాం, సబ్బు బదులు లిక్విడ్ తెచ్చాం, ఫిల్టర్ సర్వీసింగ్ చేయించాం, గ్లాసులు వేడినీళ్లతో కడిగాం. ఒకరోజు సింకు పక్కన సబ్బుడబ్బాలో పడి ఉన్న స్పాంజిని చేతిలోకి తీసుకుని పిండి వాసన చూశాను. గ్లాసులో వచ్చే వాసన అదే. అంటే గ్లాసును శుభ్రం చేయడానికి వాడుతున్న వస్తువే దానికి ఆ వాసన అంటిస్తోంది.

అప్పటి నుంచి నేను చేసిన ప్రయత్నాలు, చెడగొట్టినవి, చివరికి పనికొచ్చింది అన్నీ ఇక్కడ రాస్తున్నాను. మీరు చేసుకోవాలంటే ఒక ఎండిన నేతిబీరకాయ, రెండు మూరల స్టీలు తీగ, కాస్త గాలం దారం, ఒక చిన్న డిజిటల్ త్రాసు చాలు. చేయడానికి ఒక పూట పడుతుంది. పరీక్షలకు మాత్రం నాలుగైదు రోజులు పెట్టుకోండి. పరీక్షించకుండా "సహజమైనది కాబట్టి మంచిదే" అనుకుంటే మళ్లీ మొదటికే వస్తాం, నాకు అలాగే అయింది.

ముందు అసలు సంగతి అర్థం చేసుకుందాం

స్పాంజి మురికి పట్టిందంటే సబ్బు తక్కువైందని అనుకుంటాం. అది కాదు, తడి ఎక్కువైంది. బ్యాక్టీరియా పెరగాలంటే తిండి, వెచ్చదనం, తడి మూడూ కావాలి. తిండి అంటే అన్నం గంజి, పప్పు, నూనె, అవి తోమే పీచుకు ఎలాగూ తగులుతాయి. వెచ్చదనం మన వరంగల్‌లో ఏడాది పొడుగునా ఉంటుంది. ఇక మన చేతిలో ఉన్నది తడి ఒక్కటే. అన్నీ కుదిరితే కొన్ని రకాల బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. రాత్రి 10కి ఒక్కటి ఉందనుకుంటే తెల్లవారుజామున 5కి 21 సార్లు రెట్టింపై, కాగితం మీద లెక్క 20 లక్షలు దాటుతుంది. నిజానికి తిండి అయిపోయో, చోటు చాలకో అంత సాఫీగా పెరగదు, కానీ రాత్రంతా తడిగా ఉన్న పీచులో ఏం జరుగుతుందో ఆ లెక్క చెబుతుంది.

2017లో జర్మనీలోని ఫుర్ట్‌వాంగెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇళ్లలో వాడిన 14 వంటింటి స్పాంజీలను పరీక్షించారు. కొన్ని చోట్ల ఒక్క ఘన సెంటీమీటరులో 5 వేల కోట్ల దాకా బ్యాక్టీరియా కనిపించింది. నన్ను ఆపేసింది ఆ అంకె కాదు. స్పాంజిని అప్పుడప్పుడూ మరిగించో, మైక్రోవేవ్‌లో పెట్టో శుభ్రం చేస్తున్నామని చెప్పిన ఇళ్లలో కూడా బ్యాక్టీరియా తక్కువగా లేదు, పైగా ఆరని బట్టలకు వచ్చే ముక్క వాసనకు కారణమయ్యే మొరాక్సెల్లా రకం వాటా ఆ స్పాంజీల్లోనే ఎక్కువగా ఉంది. చంపితే కొన్ని చస్తాయి, మిగిలినవి ఖాళీ అయిన చోట మళ్లీ పెరుగుతాయి, ఎందుకంటే స్పాంజి మళ్లీ తడిగానే ఉంటుంది కదా. నార్వేలోని నోఫిమా పరిశోధన సంస్థ వాళ్లు స్పాంజీలను, కుచ్చు బ్రష్‌లను పోల్చి చూస్తే వాడకాల మధ్య ఆరిపోయే బ్రష్‌లలో బ్యాక్టీరియా తక్కువగా ఉంది. ఆరిన బ్రష్‌లో జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా నిలవలేకపోయింది, తడి స్పాంజిలో బతికింది.

కాబట్టి మనం చేయబోయే పీచుకు ఒకటే షరతు. రాత్రి తోమి తగిలిస్తే, వానాకాలమైనా, తెల్లారేసరికి ఆరిపోవాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

మన అమ్మమ్మలు బూడిద, కొబ్బరి పీచు, వరిగడ్డితో తోమేవాళ్లు. బూడిదను నీళ్లలో కలిపితే క్షారం వస్తుంది, అది జిడ్డును విడగొడుతుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే. అంతగా ఎవరూ చెప్పుకోనిది ఇంకొకటుంది. ఆ గడ్డి చుట్టను ఏ పూటకు ఆ పూట పడేసేవాళ్లు. దాచేదే లేదు కాబట్టి అది కుళ్లేదీ లేదు. మనం ఒకే స్పాంజిని రెండు నెలలు దాచుకుంటున్నాం, తేడా అక్కడుంది.

నేను చెడగొట్టిన రెండు నమూనాలు

మొదటిది: బీర పీచును మూడు పొరలుగా మడిచి, వెనకాల నూలు గుడ్డ వేసి, చుట్టూ కుట్టాను. చేతికి మెత్తగా, చూడటానికి చక్కగా ఉంది. అమ్మ రెండు రోజులు సంతోషంగా తోమింది. నాలుగో రోజు వాసన. కుట్టు విప్పి చూస్తే పొరల మధ్య మెతుకు, మినప్పొట్టు, పలచటి జిగట. పొరలు ఎన్ని ఉంటే అన్ని మూలలు, ఆ మూలల్లోకి వేలూ వెళ్లదు, గాలీ వెళ్లదు. గుడ్డయితే నీళ్లు తాగి కూర్చుంటుంది.

రెండోది: మేదరి వాళ్ల దగ్గర వెదురు బద్ద తెచ్చుకుని దానికి పీచు కట్టి పిడిలాగా చేశాను. ములుగు వైపు వెదురుకు కొదవ లేదు, చవక కూడా. పిడి ఉంటే చేయి తడవదు అనుకున్నాను. రెండు వారాలకు పీచు కట్టిన చోట వెదురు మీద నల్లటి చుక్కలు, అది బూజు. వెదురు, కర్ర, ఏదైనా సరే, దారం బిగించిన చోట నీళ్లు పట్టుకుంటుంది. పైగా మన దగ్గర అడుగంటిన గంజును పిడితో తోమలేం. అరచేతి బలం పెట్టి, కూర్చుని తోమే అలవాటు మనది. అమ్మ ఆ పిడి పట్టుకుని, "బిడ్డా, దీనితోని గంజు మసి పోతదా? చెయ్యి వెట్టనిది బోళ్లు తోమినట్టు ఉంటదా?" అంది. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. వాడేవాళ్ల చేతికి నచ్చని పనిముట్టు ఎంత శుభ్రమైనా మూలన పడుతుంది, మళ్లీ స్పాంజే వస్తుంది.

రెండింటి నుంచి నాకు తేలింది ఇది: పీచు ఒకే పొర ఉండాలి. గుడ్డ, కర్ర ఉండకూడదు. మడత, మూల, బిగించిన ముడి తక్కువగా ఉండాలి. అరచేత్తో పట్టుకునేలా ఉండాలి. దాన్ని ఆరబెట్టే చోటును కూడా పనిముట్టులో భాగంగానే తయారు చేయాలి.

పీచు తయారీ

నేతిబీర అయితే మేలు. కాయ పెద్దదవుతుంది, ఎండితే తొక్క సులువుగా ఊడుతుంది. మామూలు గట్ల బీర కూడా పనిచేస్తుంది, కానీ గట్ల దగ్గర తొక్క ఊడదీయడానికి ఓపిక కావాలి. ఊళ్లో ఎవరి దడి మీదైనా ముదిరి ఎండిన కాయలు వేలాడుతూ ఉంటాయి, అడిగితే ఇస్తారు. కాయ గోధుమ రంగుకు తిరిగి, తేలికై, ఊపితే గింజలు గలగలమనాలి. పచ్చిది కోస్తే పీచు గట్టిపడి ఉండదు, వారానికే చీకిపోతుంది.

కొన విరిచి గింజలు దులిపి దాచుకోండి. కాయను రాత్రంతా నీళ్లలో నానబెడితే పొద్దున తొక్క వేలితో ఊడొస్తుంది. లోపలి బంక పోయేదాకా నల్లా కింద పిసికి కడగండి, ఇక్కడ తొందరపడొద్దు, ఆ బంక మిగిలితే అదే బ్యాక్టీరియాకు మొదటి మేత. తర్వాత ఒక చెంచా వంట సోడా వేసిన నీళ్లలో 10 నిమిషాలు మరిగించి, కడిగి, ఎండలో రెండు రోజులు పెట్టండి.

ఇప్పుడు ముఖ్యమైన కోత. ఎండిన పీచు గొట్టంలాగా ఉంటుంది, మధ్యలో గింజల గదుల గోడలు ఉంటాయి. గొట్టాన్ని నిలువునా ఒక పక్క కత్తెరతో చీల్చి పుస్తకంలాగా తెరవండి. లోపలి గదుల గోడలన్నీ కత్తిరించి తీసేయండి, బయటి వల లాంటి పొర ఒక్కటే మిగలాలి. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతలి కిటికీ ఊచలు లీలగా కనబడాలి. కనబడని చోట ఇంకా మందం ఉన్నట్టు, అక్కడ కూడా లోపలి పొర తీసేయండి. సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 పొడవు ఉండేలా కత్తిరించండి. అరచేయి చిన్నదైతే ఇంకాస్త తగ్గించండి. లోపలి గోడలను పారేయొద్దు, వాటిలోంచి 3 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ ఒకటి వస్తుంది.

ఆ పట్టీని పొర వెనకాల అడ్డంగా, వేళ్లు దూరేటంత వదులుగా పెట్టి, రెండు చివర్లలో మాత్రమే గాలం దారంతో నాలుగు కుట్లు వేయండి. చుట్టూ కుట్టొద్దు. నూలు దారం వద్దు, అది తడి పీలుస్తుంది. ఇప్పుడు నాలుగు వేళ్లు పట్టీలో పెడితే పీచు అరచేతికి అంటుకుని ఉంటుంది, జారదు, కావాలంటే మడిచి గ్లాసులోకి కూడా దూర్చొచ్చు. అంచులు మొదటి వారం కొద్దిగా పోగులు లేస్తాయి, కత్తిరించేస్తే సరిపోతుంది.

కొక్కెం

దీన్ని చిన్న పని అనుకోకండి. అదే పీచును సింకు అంచున పడేస్తే ఒక వైపే ఆరుతుంది, మేకుకు ఒకే చోట తగిలిస్తే నిలువుగా ముడుచుకుపోయి మధ్యలో తడి ఉండిపోతుంది.

వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు హార్డ్‌వేర్ దుకాణాల్లో స్టీలు తీగ అడగండి, 2.5 నుంచి 3 మిల్లీమీటర్ల మందం. '304' గ్రేడు అని అడిగితే మంచిది. జీఐ తీగ వద్దు, పైనున్న జింకు పూత అరిగాక తుప్పు పడుతుంది, ఆ తుప్పు మరక పీచుకు ఎక్కుతుంది. తీగను ప్లాయర్‌తో వెడల్పాటి 'యు' ఆకారంలో వంచి, రెండు చివర్లను పైకి కొక్కేల్లాగా తిప్పండి. రెండు కొక్కేల మధ్య 9 సెంటీమీటర్ల దూరం ఉంటే పీచు రెండు మూలలు వాటికి తగిలి, తీగ మీద ఆరేసిన తువ్వాలలాగా విప్పుకుని వేలాడుతుంది. గోడకు కనీసం నాలుగు వేళ్ల దూరం ఉండేలా వంచండి, వెనకవైపు కూడా గాలి ఆడాలి. కిటికీ దగ్గర, సింకు చిందులు పడని ఎత్తులో బిగించండి. పక్కనే ఇలాంటిదే రెండో కొక్కెం కూడా. ఎందుకో తర్వాత చెబుతాను.

మొదటి పరీక్ష: త్రాసు

ఆరిందా లేదా అని చేత్తో పట్టుకుని చెప్పడం మోసం చేస్తుంది, పైన ఆరినట్టుండి లోపల తడి ఉంటుంది. త్రాసు అబద్ధం చెప్పదు. ఈ పీచు చాలా తేలిక కాబట్టి 0.1 గ్రాము దాకా చూపించే చిన్న పాకెట్ త్రాసు అయితే బాగుంటుంది.

ఎండలో పూర్తిగా ఆరిన పీచును తూచి రాసుకోండి. 5 నిమిషాలు నీళ్లలో ముంచి, ఒకసారి గట్టిగా పిండి, మూడుసార్లు విదిలించి మళ్లీ తూచండి. కొక్కేనికి తగిలించి అరగంటకోసారి తూస్తూ పోండి. లెక్క ఇలా: పొడి బరువు 6 గ్రాములు, తడి బరువు 30 అనుకుందాం. పట్టిన నీళ్లు 24 గ్రాములు. రెండు గంటల తర్వాత 12 చూపిస్తే ఇంకా 6 గ్రాముల నీళ్లు ఉన్నట్టు, అంటే నాలుగో వంతు. ఇదే పని మీ పాత స్పాంజితో, స్టీలు పీచుతో, కొబ్బరి పీచుతో పక్కపక్కనే చేయండి.

పక్కపక్కనే అని ఎందుకు అంటున్నానంటే, మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటిన ఎండలో ఏదైనా ఆరిపోతుంది. ఆ రోజు చూసి సంబరపడితే జులై ముసురులో దెబ్బ తింటాం. నేను మొదటి నమూనాను ఎండాకాలంలోనే పరీక్షించి పాసైందనుకున్నాను, అదే నా తప్పు. అసలు పరీక్ష వాన పడుతున్న రాత్రి, కిటికీ మూసి, ఫ్యాన్ లేకుండా చేయాలి. ఎండాకాలంలో చేస్తున్నారా, అయితే పీచును ఒక పక్క నీళ్లు పెట్టిన స్నానాల గదిలో తలుపు మూసి తగిలించండి, ముసురుకు దగ్గరగా ఉంటుంది. నా షరతు: రాత్రి 10కి తగిలిస్తే పొద్దున 6కి పొడి బరువుకు ఒక గ్రాము అటూఇటూగా రావాలి. ఒక పొర పీచు ఆ గీత దాటింది. మూడు పొరలది, స్పాంజి దాటలేదు, స్పాంజి అయితే పొద్దున పిండితే ఇంకా చుక్కలు రాలాయి.

రెండో పరీక్ష: గంజి మిగిలిందా

ఇది నాకు బాగా నచ్చిన పరీక్ష, పది నిమిషాల్లో అయిపోతుంది, కంటికి కనిపిస్తుంది. మందుల షాపులో దెబ్బలకు రాసే పోవిడోన్ అయోడిన్ దొరుకుతుంది. అయోడిన్ గంజి తగిలితే నీలం నలుపు రంగుకు తిరుగుతుంది, బడిలో బంగాళాదుంప ముక్క మీద వేసి చూసిందే.

అన్నం వండిన గంజును పీచుతో తోమండి. పీచును నల్లా కింద ఒకసారి కడిగి, స్టీలు గ్లాసులో రెండు చెంచాల మంచినీళ్లు పోసి అందులో పీచును ముంచి పిండండి. ఆ నీళ్లను తెల్లటి పింగాణీ సాసర్‌లో కొద్దిగా పోసి ఒక్క చుక్క అయోడిన్ వేయండి. నీళ్లు చల్లగా ఉండాలి, వేడిగా ఉంటే రంగు నిలవదు. మొదటిసారి చేసినప్పుడు కడిగిన స్పాంజి నీళ్లు చూడటానికి తేటగానే ఉన్నాయి. చుక్క పడగానే పడిన చోట ముందు గోధుమ రంగు, కళ్ల ముందే దాని అంచు వంకాయ రంగుకు తిరిగి, సాసర్ అంతా నీలపు మేఘం పాకింది. అంత శుభ్రంగా కడిగాననుకున్న దాంట్లో అంత గంజి. మళ్లీ కడగడం, పిండడం, చుక్క వేయడం, రంగు రాకుండా పోయేదాకా ఎన్నిసార్లు కడగాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. ఆ అంకె మీ పీచుకు మార్కు. ఎంత తక్కువైతే అంత మంచిది. ఒక పొర పీచు స్పాంజి కంటే చాలా ముందే శుభ్రపడింది, ఎందుకంటే నీళ్లు ఒక వైపు నుంచి రెండో వైపుకు నేరుగా దూసుకుపోతాయి.

అయోడిన్‌ను పీచు మీద నేరుగా వేయొద్దు, పిండిన నీళ్లలోనే. పరీక్ష నీళ్లు పారబోసి సాసర్ సబ్బుతో కడిగేయండి. బట్టల మీద పడితే మరక.

మూడో పరీక్ష: జిడ్డు పోతుందా

శుభ్రంగా ఉండే పీచు తోమకపోతే ఎందుకు? రెండు ఒకే రకం స్టీలు పళ్లేలు తీసుకుని ఒక్కోదానికి ఒక చెంచా నూనె, చిటికెడు పసుపు కలిపి రాసి రెండు గంటలు వదిలేయండి. ఒకదాన్ని పాతదానితో, ఒకదాన్ని కొత్తదానితో, ఒకే కొలత సబ్బుతో, 20 రుద్దుళ్లు లెక్కపెట్టి తోమండి. కడిగి నిలువుగా పట్టుకుని నీళ్లు పోయండి. జిడ్డు పోయి ఉంటే నీళ్లు పల్చటి పొరలాగా పళ్లెమంతా పరుచుకుంటాయి. జిడ్డు ఉంటే తామరాకు మీద లాగా ముత్యాలై విడిపోతాయి. లోహం పనివాళ్లు పూత వేసే ముందు ఉపరితలం శుభ్రంగా ఉందో లేదో ఇలాగే చూస్తారు.

పసుపు ఎందుకంటే, నోట్లు పరీక్షించే చిన్న యూవీ టార్చ్ ఉంటే చీకట్లో వెలిగించి చూడండి, నూనెలో కలిసిన పసుపు ఆకుపచ్చ పసుపుగా మెరుస్తుంది. గిన్నె అంచు మడతలో, పీచు పోగుల మధ్య ఏం మిగిలిందో అప్పుడు తెలుస్తుంది. టార్చ్‌ను కళ్లలోకి వేసుకోవద్దు. బట్టల సబ్బు తగిలిన చోట్ల కూడా నీలంగా మెరుస్తుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు.

మాడిన అడుగుకు ఈ పీచు ఒక్కటే చాలదు, నిజం చెప్పాలి. నీళ్లు పోసి నానబెట్టి తర్వాత తోమితే పోతుంది. వెంటనే పోవాలంటే స్టీలు పీచు తీయాల్సిందే.

నాలుగో పరీక్ష: పాలు

ఇంట్లో జెల్లీ పళ్లేలలో బ్యాక్టీరియా పెంచే వీడియోలు చాలా ఉన్నాయి. అది చేయొద్దని నా సలహా. ఏ రకం పెరుగుతోందో మనకు తెలియదు, పొరపాటున మూత తీస్తే ప్రమాదం. దానికి బదులు పాలు చాలు, మనకు పాలకు తోడు వేయడం తెలుసు కదా, సూక్ష్మజీవులు ఎక్కువ పడితే పాలు త్వరగా పులుస్తాయి, ఇక్కడ కూడా అదే సూత్రం.

మూడు స్టీలు గ్లాసులు, మూడు చెంచాలు నీళ్లలో 10 నిమిషాలు మరిగించండి. ఒకే ప్యాకెట్ పాలు కాచి చల్లార్చి మూడింట్లో 100 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. వారం రోజులు వాడిన స్పాంజిని, వారం రోజులు వాడిన కొత్త పీచును సబ్బు పోయేదాకా కడిగి, రాత్రంతా వాటి వాటి చోట ఉంచి, పొద్దున చెరో 100 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీళ్లలో ముంచి పిండండి. సబ్బు మిగిలితే లెక్క తప్పుతుంది, జాగ్రత్త. ఒక గ్లాసులో స్పాంజి నీళ్లు ఒక చెంచా, రెండో దాంట్లో పీచు నీళ్లు ఒక చెంచా, మూడో దాంట్లో ఉత్త కాచిన నీళ్లు ఒక చెంచా. గ్లాసుల మీద టేపు అంటించి పేర్లు రాసి, మూత పెట్టి, ఒకేచోట ఉంచండి. నాలుగో గంట నుంచి గంటకోసారి ఒక్కో దాంట్లోంచి శుభ్రమైన చెంచాతో కొద్దిగా తీసి గరిటెలో మరిగించండి. ఏ పాలు ముందు విరిగితే ఆ పీచులో సూక్ష్మజీవులు ఎక్కువ. పాల కేంద్రాల్లో పాలు పనికొస్తాయో లేదో మరిగించి చూసే పద్ధతి ఇదే.

మా ఇంట్లో ముందు స్పాంజి గ్లాసు విరిగింది. తర్వాత చాలాసేపటికి పీచుది, చివరికి ఉత్త నీళ్లది. పీచులో ఏమీ లేదని కాదు, తక్కువ ఉందని. ఈ పరీక్ష జబ్బు చేసే సూక్ష్మజీవులు ఉన్నాయో లేవో చెప్పదు, ఎక్కువ తక్కువలే చెబుతుంది. జబ్బు చేసేవి ఉన్నాయో లేవో తెలియాలంటే మైక్రోబయాలజీ చదివే పిల్లలెవరైనా తెలిసుంటే అడగండి, కాకతీయ విశ్వవిద్యాలయంలో ఆ విభాగం ఉంది, కాలేజీ ల్యాబులో సరైన జాగ్రత్తలతో చేస్తారు. పరీక్ష పాలను ఎవరూ తాగకుండా, పిల్లలకు, పిల్లికి అందకుండా చూసి, టాయిలెట్‌లో పారబోసి గ్లాసులు మళ్లీ మరిగించండి.

వాడకం

రెండో కొక్కెం ఎందుకన్నానో ఇప్పుడు. ఒకే కాయ నుంచి రెండు పొరలు వస్తాయి. ఒకటి పొద్దుటిది, ఒకటి రాత్రిది. పొద్దున వాడింది రాత్రి ముట్టుకోరు, దానికి మర్నాడు పొద్దుటిదాకా ఆరే సమయం ఉంటుంది. నేను చేసిన మార్పులన్నింటిలో ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే, మీరు స్పాంజి మానకపోయినా కనీసం ఇది చేయండి.

వాడగానే మెతుకులు దులిపి, నల్లా కింద రెండు వైపులా కడిగి, విదిలించి తగిలించాలి. సబ్బు డబ్బాలో మాత్రం పెట్టొద్దు, ఆ డబ్బా అడుగున నిలిచే తెల్లటి నీళ్లు మరో కుంట. డబ్బాకు కింద నాలుగు చిల్లులు పెట్టండి. వారానికోసారి పీచును 5 నిమిషాలు మరిగించి ఎండలో వేయండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో పీచు తెల్లగా ఉప్పుపట్టి బిరుసెక్కుతుంది, అప్పుడు చింతపండు నీళ్లలో 15 నిమిషాలు నానబెడితే మెత్తబడుతుంది.

ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే ఆ రోజుల్లో బ్లీచ్ (సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) వాడొచ్చు. 5 శాతం ద్రావణం 4 మిల్లీలీటర్లు లీటరు నీళ్లలో కలిపి 5 నిమిషాలు ముంచి, బాగా కడిగి ఆరబెట్టండి. బ్లీచ్‌ను చింతపండు నీళ్లతోగానీ, నిమ్మరసంతోగానీ, టాయిలెట్ కడిగే యాసిడ్‌తోగానీ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన వంటింట్లో అది ఊపిరి ఆడనివ్వదు.

కోడి కూర, మటన్ కడిగిన గిన్నెలకు వేరే పీచు. దాని పట్టీకి ఎర్ర దారం కుట్టండి, ఇంట్లో పనికి వచ్చే ఆమెకు కూడా చూపించి చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. ఉత్తినే "ఇది ముట్టుకోకు" అంటే నొచ్చుకుంటారు, కారణం చెబితే మనకంటే జాగ్రత్తగా చూసుకుంటారు. మా ఇంట్లో రెండు కొక్కేల పద్ధతిని ఒక్కరోజు కూడా తప్పనిది ఆమే.

మూడు నాలుగు వారాలకు పీచు పోగులు తెగడం మొదలవుతుంది. అంతకంటే ముందే వాసన వస్తే ఆలోచించకుండా తీసేయండి. మొదలుపెట్టిన తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి, లేకపోతే గుర్తుండదు. పాతదాని దారం కత్తిరించి తీసేసి, పీచును పూలకుండీ మట్టిలో పూడ్చితే కుళ్లిపోతుంది. దులిపి దాచమన్న గింజలు ఉన్నాయి కదా, మిరుగం దాటి రెండు మంచి వానలు పడ్డాక దడి పక్కన నాలుగు పెట్టండి, తీగ పాకడానికి ఒక తాడు కట్టండి. కాసిన వాటిలో లేతవి కూరకు కోసుకుని, మూడు కాయలు మాత్రం తీగ మీదే ముదరనివ్వండి. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి ఆరు పొరలు వస్తాయి, చలికాలం దాటి ఎండాకాలం మొదలయ్యేదాకా సరిపోతాయి.